మంచువేళ వాహనయానం

మన భాషలో 'మంచు' అనే చిన్న మాటకు పని ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచే నీటిబొట్టు మంచే. చెరువుకట్టను కప్పి ఎదుటి చెట్టును కనబడనీయని తెల్లని తెర మంచే. హిమాలయ శిఖరాలపై ఏడాది పొడుగునా పేరుకొని ఉండేదీ మంచే. అవసరమైనప్పుడు పొగమంచు అనీ, హిమమనీ, తుషారమనీ వేరు చేసి చెప్పుతాము గాని, వాడుకలో అన్నిటికీ ఒకటే పేరు. వాహనం నడిపేవారు మాత్రం ఈ భేదాన్ని తెలిసి ఉండవలెను. ఏలనంటే ఒక్కొక్క మంచు ఒక్కొక్క విధమైన అపాయాన్ని తెచ్చిపెడుతుంది.

జనగామ జిల్లా బచ్చన్నపేట ప్రాంతంలో హిమం కురియదు. అయినప్పటికీ ఈనాడు అటువంటి ఊళ్లలోని పలు కుటుంబాలకు రెండు మంచులతోనూ సంబంధం ఏర్పడి ఉన్నది. ఇంటి పెద్ద చీకటితో లేచి, పాలక్యానును మోటారు సైకిలుకు తగిలించుకొని పొగమంచులో బయలుదేరుతాడు. అదే ఇంటి కుమారుడో కుమార్తెయో చికాగోలోనో డెట్రాయిట్‌లోనో చదువు నిమిత్తమో ఉద్యోగ నిమిత్తమో ఉండి, హిమం పేరుకొన్న వీధిలోకి కారు తీస్తారు. ఇద్దరూ ఎదుర్కొనే అపాయాలు వేరు. ఇద్దరినీ కాపాడే సూత్రం ఒక్కటే.

వాహనం క్షేమంగా సాగడానికి రెండు ఆధారాలు ఉన్నవి. మొదటిది నడిపేవాని చూపు. రెండవది టైరుకు నేలపై గల పట్టు. పొగమంచు చూపును హరిస్తుంది. హిమం పట్టును హరిస్తుంది. మంచుతో తడిసిన తారురోడ్డు పట్టును కొంత తగ్గిస్తుంది. వీటిలో ఏది తగ్గినా విరుగుడు వేగాన్ని తగ్గించడమే. సూత్రంగా చెప్పవలెనంటే, కంటికి కనిపించే దూరంలోపల బండిని ఆపగలిగిన వేగమే సరియైన వేగం. దారిపక్క పలకమీద ఎంత వేగమని వ్రాసి ఉన్నా, రోజూ ఎంత వేగంతో పోయే అలవాటున్నా, మంచువేళ ఈ సూత్రానికి లోబడవలసిందే.

ఇది ఎంత గట్టి సూత్రమో చిన్న లెక్కవల్ల తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. ఎదుట ఏదో ఉన్నదని కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకును తొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకొందాము. అంతలోనే బండి 25 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డుపై మరి 20 మీటర్లు, తడి రోడ్డుపై సుమారు 35 మీటర్లు పోయి ఆగుతుంది. అనగా మొత్తం పొడి రోడ్డుపై 45, తడి రోడ్డుపై 60 మీటర్లు. ఎదుట 50 మీటర్లే కనిపించే పొగమంచులో, తడి రోడ్డుపై ఈ వేగంతో పోయేవాడు అడ్డంగా నిలిచిన బండిని చూచిన తరువాత కూడా దానిని ఢీకొనక తప్పదు. బ్రేకులు ఎంత మంచివైనా అతనిని కాపాడలేవు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 32 మీటర్లలో ఆగవచ్చును. ఇరుకు దారిలో ఎదురుబండి కూడా వస్తున్నట్లయితే కనిపించే 50 మీటర్లలో ఇద్దరికీ దక్కేది సగం సగమే. అప్పుడు 30 కిలోమీటర్ల వేగమే తగినది. వేగం రెట్టింపయితే, బ్రేకు పడిన తరువాత బండి పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈ సంగతి చాలమందికి స్ఫురించదు.

పొగమంచు ఎప్పుడు, ఎక్కడ కమ్ముతుందో తెలిస్తే ముందుగానే జాగ్రత్తపడవచ్చును. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలని శీతకాలపు రాత్రులలో నేల తనలోని వేడిని పైకి వదలి త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకొన్న గాలి కూడా చల్లబడగా, అందులోని తేమ అతి సన్నని నీటి తుంపరలుగా మారి తేలుతూ ఉంటుంది. అదే పొగమంచు. తేమ అధికంగా ఉండే చెరువులు, కుంటలు, నీరు పెట్టిన పొలాల వద్ద ఇది దట్టంగా ఏర్పడుతుంది. చల్లని గాలి బరువైనది కావడంచేత పల్లానికి జారి, వాగుల దగ్గర, వంతెనల దగ్గర నిలుస్తుంది. కనుక మెట్టమీద దారి తేటగా ఉన్నంత మాత్రాన ముందు కూడా అట్లే ఉంటుందని నమ్మరాదు. వాగులోకి దిగగానే తెర వేసినట్లు దారి కనబడకపోవచ్చును. తెల్లవారుజామునను, సూర్యోదయమైన తరువాత కొంతసేపటివరకును దీని బలం హెచ్చుగా ఉంటుంది.

భారత వాతావరణ శాఖ దృశ్యదూరాన్ని బట్టి పొగమంచును వర్గీకరించింది. కిలోమీటరుకు లోపుగా కనిపిస్తే దానిని పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపయితే దట్టమైన పొగమంచు; 50 మీటర్ల లోపయితే అతిదట్టమైనది. ముందురోజు రాత్రి రేడియోలో వచ్చే వాతావరణ సూచన విన్నప్పుడు ఈ మాటల వెనుక ఉన్న దూరాలను జ్ఞాపకం చేసికొంటే, మరునాటి ప్రయాణానికి ఏ వేళ మంచిదో నిర్ణయించుకోవచ్చును.

బచ్చన్నపేట పరిసరాలలో పొగమంచు కాలానికి మరికొన్ని ప్రత్యేకతలు తోడవుతున్నవి. వానాకాలపు వరికోతలు ముగిసి, వడ్లు ఇళ్లకూ కొనుగోలు కేంద్రాలకూ చేరే కాలం దాదాపు ఇదే. రాత్రింబగళ్లు ట్రాక్టర్లు తిరుగుతూ ఉంటాయి. సంక్రాంతికి హైదరాబాదు నుండి ఊళ్లకు వచ్చే జనం 163వ జాతీయ రహదారి మీదుగా జనగామ చేరుకొని, అక్కడి నుండి పల్లెదారులు పడతారు. సంక్రాంతి మొదలు ఉగాది వరకు కొమురవెల్లి మల్లన్న జాతర సాగుతుంది. ఆదివారం దర్శనానికి పోయే బండ్లు తెల్లవారకముందే బయలుదేరుతాయి. రెండేళ్లకొకసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క సారలమ్మల జాతరకు పోయే వాహనాల వరుస కూడా జనగామ మీదుగానే సాగుతుంది. ఊరి దారి ఎరుగనివారు, రాత్రి నిద్ర లేనివారు, నిండుగా జనాన్ని ఎక్కించుకొన్నవారు ఒక్కసారే మంచులో దారిమీదికి వచ్చే కాలమన్నమాట. ఇట్టి సమయంలో వేగం ఒక్కటే అదుపులో ఉంచుకోగలిగిన విషయం.

బయలుదేరక మునుపు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. ముందు అద్దాన్ని లోపల, బయట శుభ్రంగా తుడవవలెను. బయటి తేమను వైపరు తొలగిస్తుంది. లోపల మన ఊపిరి వల్ల పట్టే ఆవిరికి వైపరు పనికిరాదు. ఏసీ గాలిని అద్దంపైకి మళ్లిస్తే ఆ గాలి పొడిగా ఉండడంచేత ఆవిరి విడిపోతుంది. వెనుక ఎర్రదీపాలు వెలుగుచున్నవో లేదో స్వయంగా దిగి చూడవలెను. మంచులో మన చూపు ఎంత ముఖ్యమో, ఇతరుల చూపునకు మనం ఆనడం కూడా అంతే ముఖ్యం.

హెడ్‌లైటును డిమ్‌లో ఉంచవలెను. ఎక్కువ వెలుగు ఉంటే ఎక్కువ దూరం కనిపిస్తుందని తోచడం సహజమే గాని, పొగమంచులో జరిగేది వేరు. దూరానికి పడే వెలుగు కంటి ఎదుట ఉన్న తుంపరలను తాకి, చెదరి, మన కన్నులపైకే తిరిగి వస్తుంది. తెల్లగోడ తప్ప మరేమీ కనిపించదు. క్రిందికి పడే వెలుగు దారి అంచును చూపిస్తుంది. ఫాగ్ లైట్లను బండికి క్రిందిభాగంలో అమర్చడానికి కారణం కూడా ఇదే. దారి అంచున తెల్లగీత ఉన్నచోట దానిని ఆనవాలుగా చేసికొని పోవడం మేలు. మధ్యగీతను పట్టుకొని పోతే ఎదురుబండికి దగ్గర కావడమే అవుతుంది.

మంచు మరొక మోసం చేస్తుంది. చెట్లు, స్తంభాలు వెనుకకు పరుగెత్తుతూ కనిపించినప్పుడు మనకు మన వేగం తెలుస్తుంది. అవి కనిపించనప్పుడు, నిజంగా పోయే వేగంకంటె తక్కువ వేగంతో పోతున్నట్లు భ్రమ కలుగుతుంది. కనుక మనస్సుకు తోచిన దానిని నమ్మక స్పీడోమీటరును తరచుగా చూస్తూ ఉండవలెను. ముందు బండి ఎర్రదీపాన్ని పట్టుకొని దాని వెంబడే పోవడం చాలమందికి ధైర్యంగా తోస్తుంది. కాని ఆ బండి దారి తప్పితే మనమూ తప్పుతాము. అది ఆగితే దానినే ఢీకొంటాము. ముందు బండి ఒక గుర్తును దాటిన క్షణం నుండి 'నూటొకటి, నూటరెండు' అని నింపాదిగా లెక్కించి చూడవలెను. మామూలు పొడి దారిలో మన బండి ఆ గుర్తును చేరడానికి రెండు సెకన్లయినా పట్టవలెను; మంచులో, తడిదారిలో దానికి రెట్టింపయినా ఎడం ఉండవలెను. మంచు విడేవరకు ముందుబండిని దాటిపోయే ఆలోచనే పెట్టుకోరాదు.

నాలుగు ఇండికేటర్లను వెలిగించి పోవడం మన దారులలో ఆచారంగా మారినది. బండి కదులుచున్నప్పుడు అవి మేలుకంటె కీడే ఎక్కువ చేస్తాయి. ఎటు తిరుగుతున్నామో వెనుకవానికి తెలియదు. ఆగినామా, సాగుతున్నామా అనే సందేహం కూడా కలుగుతుంది. వాటిని ఆగినప్పుడే వెలిగించవలెను. దారి కనబడనంతగా మంచు కమ్మితే రోడ్డుపైనే ఆపరాదు. రోడ్డు విడిచి పెట్రోలు బంకు ఆవరణలోనో, ఊరి మొదట ఉన్న ఖాళీ స్థలంలోనో నిలుపుకోవలెను. మోటారు సైకిలుపై పోయేవారు శిరస్త్రాణపు అద్దాన్ని తుడుచుకోవడానికి మెత్తని గుడ్డ దగ్గర ఉంచుకోవలెను. నల్లని కంబళి కప్పుకొని పోయేకంటె తెల్లని లేదా పసుపుపచ్చని వస్త్రం పైన ధరించడం మేలు.

వాహనం నడిపేవారి జాగ్రత్త మాత్రమే చాలదు. దారిని వాడుకొనే వారందరికీ ఇందులో భాగమున్నది. దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ మంచులో నిలిచి ఉంటే దానిని మించిన అపాయం లేదు. వెలుగు పడగానే మెరిసే రిఫ్లెక్టరు పట్టీ విలువ కొద్ది. అది కాపాడే ప్రాణం విలువ ఎన్నరానిది. వెనుక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు పట్టీలు అతికించడం ట్రాక్టరు యజమాని తన మేలుకే చేసికొనే పని. బండి చెడి దారిలో నిలిచిపోతే, దానికి చాలినంత దూరం వెనుకనే ఎర్రని త్రికోణాన్ని నిలుపవలెను. దాని బదులు పెద్ద రాళ్లను దారికి అడ్డంగా పేర్చి, బండి బాగైన తరువాత వాటిని అక్కడే వదలిపోవడం మరొకరికి గోతిని త్రవ్విపెట్టడమే.

రోడ్డుపై వడ్లు ఆరబోయడం గురించి కూడా చెప్పక తప్పదు. చాలినన్ని కల్లాలు లేనందువల్ల, తడిసిన పంటను కాపాడుకోవలెననే ఆతురత వల్ల రైతు తారురోడ్డును ఆశ్రయిస్తాడు. అతని కష్టం నిజమైనది. కాని పొద్దు గుంకిన తరువాత కుప్ప చేసి, నల్లని కవరు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టిన వడ్లు మంచులో మోటారు సైకిలువానికి కంటబడవు. ఆ రాతిని తాకి పడేవాడు తరచుగా పక్క ఊరి రైతే అయి ఉంటాడు. కనుక రాత్రివేళకు వడ్లను, రాళ్లను రోడ్డుపై నుండి తీసివేయడం, పంచాయతీలు ఊరి చెంత ఆరబోతకు చదునైన స్థలం చూపించడం ప్రాణరక్షణ కార్యాలుగా భావించవలెను.

ఇంతవరకు చూపు గురించి చెప్పుకొన్నాము. ఇక పట్టు సంగతి. మంచుతో తడిసిన రోడ్డుపై దుమ్ము, నూనె కలిసి పలుచని జిగట పొర ఏర్పడుతుంది. పొలం నుండి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రాల బురద దీనికి తోడు. ఇట్టిచోట గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం తిరగడం ఆగి బండి జారుతుంది. జారే చక్రానికి దిశ ఉండదు. ఈ జారుడునే వందరెట్లుగా ఊహించుకొంటే హిమదేశాల దారి ఎట్టిదో కొంత బోధపడుతుంది.

మన దేశంలోనే హిమాలయ ప్రాంతాలలో ఇట్టి దారులు ఉన్నవి. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ సిబ్బంది లడఖ్, హిమాచల ప్రదేశ్ మార్గాలపై యంత్రాలతో హిమాన్ని తొలగిస్తూ ఉంటారు. సుమారు 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహతాంగ్ కనుమ శీతకాలంలో నెలల తరబడి మూతపడడంచేత, దాని క్రిందుగా 9.02 కిలోమీటర్ల పొడవైన అటల్ సొరంగాన్ని నిర్మించి 2020 అక్టోబరు 3న ప్రారంభించినారు. అటువంటి దారులపై లారీలు చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టుకొని, నడకవేగంతో పోతాయి.

తొక్కుడుపడి గట్టిపడిన హిమంపై, ఇందాకటి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి బ్రేకు వేసిన తరువాత సుమారు 70 మీటర్లు, గడ్డకట్టిన నీటిపై సుమారు 140 మీటర్లు కావలెను. అనగా పొడి రోడ్డుపై పట్టే దానికి ఏడురెట్లు. అందుచేతనే అట్టి దారులపై ముందు బండికి, మనకు మధ్య ఎడం మామూలుకంటె పదిరెట్ల వరకు ఉండవలెనని బ్రిటనులోని రహదారి నియమావళి చెప్పుతున్నది.

హైదరాబాదులో బండి నేర్చి, అమెరికాలో మొదటి శీతకాలాన్ని చూడబోయే మన యువజనులు ముఖ్యంగా గమనించవలసినది, కంటికి కనిపించని మంచు గురించి. తారుపై పలుచగా గడ్డకట్టిన నీరు అద్దంవలె పారదర్శకంగా ఉండి, రోడ్డు కేవలం తడిగా ఉన్నట్లు భ్రమింపజేస్తుంది. వంతెనకు పైనా, క్రిందా చల్లగాలి తగలడంచేత అది మిగిలిన దారికంటె ముందుగా గడ్డకడుతుంది. రోడ్డుపై ఉప్పు చల్లితే నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది గాని, చలి మరీ తీవ్రమైతే ఉప్పు కూడా పనిచేయదు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారు హిమంలో సులభంగా కదలుతుంది. కాని ఆగవలసి వచ్చినప్పుడు దానికి ఏ అధిక ప్రయోజనమూ లేదు. ఆ ధైర్యంతో వేగంగా పోయినవారే తరచుగా దారి ప్రక్కకు జారిపోతారు. సుమారు 7 డిగ్రీలకు లోబడిన చలిలో మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. శీతకాలపు టైర్ల రబ్బరు మెత్తగానే ఉండి నేలను పట్టుకొంటుంది.

హిమంపై ఏ పనినైనా మెల్లగా చేయవలెను. వేగం పెంచడం, తగ్గించడం, స్టీరింగు తిప్పడం ఏదీ అదాటుగా ఉండరాదు. మలుపునకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టకుండ పోవలెను. బండి జారనారంభిస్తే కాలును తీసివేసి, పోదలచిన దిక్కునకు చూపు నిలిపి స్టీరింగును అటే మెల్లగా తిప్పవలెను. చక్రాలు బిగుసుకోకుండ కాపాడే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకును గట్టిగా తొక్కి పట్టవలెను; కాలిక్రింద అది అదిరినా వదలరాదు. ఏబీఎస్ లేని బండిలో వదలుతూ తొక్కుతూ ఉండవలెను. దీనిని ఖాళీగా ఉన్న విశాలమైన ఆవరణలో, అనుభవజ్ఞుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ముందే అభ్యసించడం మంచిది.

దారిలో హిమపాతం మూలంగా చిక్కుపడితే కారును విడిచి నడచిపోరాదు. కంబళి, త్రాగునీరు, తినుబండారం, చిన్న పార ముందే కారులో ఉంచుకోవలెను. వెచ్చదనానికి ఇంజను నడిపేముందు వెనుక పొగగొట్టం చుట్టూ పేరుకొన్న హిమాన్ని తీసివేయవలెను. అది మూసుకొనిపోతే వాసన లేని విషవాయువైన కార్బన్ మోనాక్సైడు కారులోనికి చేరి, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క సంగతి ఇంటివారు ఫోనులో చెప్పి గుర్తుచేసినా మేలు చేసినవారవుతారు.

పొరపాటున ప్రమాదం జరిగితే మొదటి కర్తవ్యం అందరినీ రోడ్డుకు దూరంగా తరలించడం. మంచులో ఆగిన బండిని వెనుకనుండి మరొక బండి, దానిని ఇంకొకటి ఢీకొంటూ పోవడం వల్ల నష్టం పెరుగుతుంది. మన రాష్ట్రంలో 108కి గాని 112కి గాని, జాతీయ రహదారిపైనయితే 1033కి గాని ఫోను చేయవలెను. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే చిక్కులు వస్తాయని వెనుదీయనక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సద్బుద్ధితో తోడ్పడిన వారికి రక్షణ కల్పించింది.

ఇన్ని జాగ్రత్తలకూ అడ్డు వచ్చేది తొందర. ముహూర్తం మించిపోతుందని, విమానం వెళ్లిపోతుందని, పాలు చేరవలసిన వేళ దాటుతుందని బండి నడిపేవానిని ఇంటిలోని వారే తరుముతారు. ఆలస్యం అమృతం విషమన్న సామెత మనకున్నది. నిదానమే ప్రధానమన్న సామెత కూడా ఉన్నది. మంచువేళ రెండవదానినే పాటించవలెను. ముహూర్తమున్నవారు ముందురోజే చేరుకోవచ్చును. విమానానికి పోయేవారు రెండు గంటలు ముందుగా బయలుదేరవచ్చును. దారిలో ఉన్న మనిషికి పదే పదే ఫోను చేయకుండ ఇంటివారు ఓపికపట్టవచ్చును. పాలకేంద్రంలో వేళ కొంచెం సడలించవచ్చును. మన ప్రాంతంలో పొగమంచు సాధారణంగా ఎండ ఎక్కేసరికి విడిపోతుంది. ఆ గంటసేపు వాకిట్లో వేచి ఉండడానికి ఖర్చేమీ లేదు.